బ్లెన్‌హైమ్‌ని మూలన పడేశారా? క్రూయిజర్ డిపో షిప్‌గా మారాక చేసిన పని

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మాల్టాలో ఓడ ఆగినప్పుడు వాలెట్టాలో ఒక పాత సామాన్ల కొట్లో పోస్ట్‌కార్డ్ కొన్నారు. దాని మీద రెండు పొగగొట్టాల పెద్ద నౌక, దాని పక్కన ఒకదానికొకటి ఆనుకుని సన్నటి చిన్న నౌకలు, కింద "హెచ్.ఎం.ఎస్. బ్లెన్‌హైమ్" అని పేరు. వెతికితే అది 1890లో జలప్రవేశం చేసిన క్రూయిజర్ అనీ, 1907 తర్వాత డిపో షిప్ (చిన్న యుద్ధనౌకలకి వసతి, సామాన్లు, రిపేర్లు అందించే తల్లి నౌక) అనీ తెలిసింది. యుద్ధనౌకని డిపో షిప్ చేశారంటే పనికిరాక మూలన పడేసినట్టేనా, మొదటి ప్రపంచయుద్ధంలో అది ఏమైనా చేసిందా, కార్డ్ వెనక సంతకం చేసిన నావికుడు ఆ నౌకలోనే పనిచేశాడని అనుకోవచ్చా అని అడిగారు.

మూలన పడేయలేదు. ఇంకా చెప్పాలంటే ఆ నౌక అసలు ఉద్యోగం 1907 తర్వాతే మొదలైంది. క్రూయిజర్‌గా ఉన్న కాలంలో శత్రువు మీద చెప్పుకోదగ్గ పోరాటం ఏదీ చేయలేదు. డిపో షిప్‌గా, టర్కీ తీరంలో 1915లో జరిగిన గలిపొలి యుద్ధంలో, ఒక డిస్ట్రాయర్ (టార్పెడోలు వేసే వేగమైన చిన్న యుద్ధనౌక) దళాన్నంతా పోషించింది. ఇక మీ మూడో ప్రశ్నకి జవాబు: ఆ నావికుడు బ్లెన్‌హైమ్‌లో ఒక్క రాత్రి కూడా పడుకోకపోయి ఉండవచ్చు. ఎందుకో కింద చెబుతాను.

నేను విశాఖ డాక్‌యార్డ్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేరి, వర్క్‌షాప్‌లోనే రిటైరైనవాణ్ణి. యుద్ధనౌక పేరు చెప్పగానే అందరూ ఫిరంగుల గురించి, వేగం గురించి అడుగుతారు. ఆ నౌక పంపుని ఎవరు బాగుచేశారు, దాని బాయిలర్‌లోకి మంచినీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి అని అడిగేవాళ్లు అరుదు. నా బతుకంతా ఆ రెండో వైపే గడిచింది కాబట్టి డిపో షిప్‌లంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. దాన్ని దృష్టిలో పెట్టుకునే చదవండి.

ముందు ఆ నౌక పుట్టుక. బ్లేక్, బ్లెన్‌హైమ్ అని రెండు అక్కచెల్లెళ్ల నౌకలు. బ్రిటిష్ నౌకాదళం ముఖ్య డిజైనర్ విలియం వైట్ గీసిన నమూనా. బ్లేక్‌ని చాతమ్ ప్రభుత్వ డాక్‌యార్డ్‌లో కట్టారు. బ్లెన్‌హైమ్‌ని లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఉన్న థేమ్స్ ఐరన్‌వర్క్స్ కట్టింది. 1888లో పని మొదలుపెట్టి, 1890 జూలై 5న నీళ్లలోకి దింపి, 1894కి పూర్తి చేశారు. బరువు 9,000 టన్నులకు పైనే. ముందూ వెనకా ఒక్కొక్కటి చొప్పున 9.2 అంగుళాల ఫిరంగులు, మధ్యలో పది 6 అంగుళాల ఫిరంగులు. ఈ యార్డ్ గురించి ఒక మాట. అక్కడి కార్మికులు పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టే తర్వాత వెస్ట్ హామ్ యునైటెడ్ అయింది. యార్డ్ 1912లో మూతపడింది. అది కట్టిన ఈ నౌక మాత్రం ఆ తర్వాత మరో పద్నాలుగేళ్లు నడిచింది.

22 నాట్ల వేగం, అంటే గంటకి సుమారు 41 కిలోమీటర్లు, వస్తుందని లెక్క కట్టారు. అందుకు బాయిలర్ గదుల్లోకి ఫ్యాన్లతో గాలిని బలవంతంగా తోసి 20,000 హార్స్‌పవర్ రాబట్టాలని ఆలోచన. కానీ రెండు నౌకల్లో ఏదీ ఆ వేగాన్ని అందుకోలేదు. అంత గాలి తోసేసరికి మంట వేడికి బాయిలర్ ట్యూబుల మొనలు వదులై లీకయ్యేవి. ఆ రోజుల్లో ఒక్క ఈ నౌకలకే కాదు, చాలా నౌకలకి ఇదే జబ్బు. పూర్తి ఒత్తిడితో నడపకుండా మామూలుగా నడిపితే మాత్రం ఆ బాయిలర్లు మొండివి, ఏళ్ల తరబడి పనిచేసేవి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం.

క్రూయిజర్‌గా దాని పేరు ప్రపంచమంతా వినపడ్డ సందర్భాలు ముఖ్యంగా రెండు. రెండూ శవపేటికలు మోసినవే. కెనడా ప్రధానమంత్రి సర్ జాన్ థాంప్సన్ 1894 డిసెంబర్ 12న ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో హఠాత్తుగా చనిపోయారు. విక్టోరియా రాణి ప్రభుత్వం ఆయన భౌతికకాయాన్ని బ్లెన్‌హైమ్‌లో హాలిఫాక్స్‌కి పంపింది. సంతాప సూచకంగా నౌక పక్కలకి నల్లరంగు వేశారు. 1895 జనవరి 1న అది హాలిఫాక్స్ చేరింది. ఏడాది తిరగ్గానే మరొకటి. రాణి చిన్నల్లుడు ప్రిన్స్ హెన్రీ ఆఫ్ బాటెన్‌బర్గ్ పశ్చిమాఫ్రికాలో అషాంటి దండయాత్రకి వెళ్లి, మలేరియా సోకి 1896 జనవరి 20న సముద్రం మీదే చనిపోయారు. ఆయన్నీ స్వదేశం చేర్చింది బ్లెన్‌హైమే. తర్వాత 1901 నుంచి 1904 దాకా చైనా స్టేషన్‌లో, అంటే చైనా వైపు సముద్రాలు చూసే బ్రిటిష్ నౌకాదళ విభాగంలో, ఉంది. క్రూయిజర్‌గా దాని చరిత్ర దాదాపు ఇంతే.

ఇక్కడే జాన్ ఫిషర్ వస్తాడు. 1904 అక్టోబర్‌లో ఆయన నౌకాదళాధిపతి అయ్యాడు. వస్తూనే పాత నౌకల మీద పడ్డాడు. పోరాడే బలమూ లేక, పారిపోయే వేగమూ లేక సముద్రాలన్నిటా తిరుగుతున్న నౌకలు సిబ్బందినీ డబ్బునీ తింటున్నాయని ఆయన వాదన. 150కి పైగా నౌకల్ని జాబితాలోంచి కొట్టేశాడు. బ్లెన్‌హైమ్ వయసు అప్పటికి పట్టుమని పదేళ్లే అయినా, బాయిలర్లు, ఫిరంగులు, కవచం అన్నీ కాలం చెల్లినవే. తుక్కుకింద అమ్మేయడానికి అన్ని అర్హతలూ ఉన్న నౌక అది.

అమ్మలేదు. ఎందుకంటే సరిగ్గా అదే సమయంలో నౌకాదళానికి వేరే అవసరం పుట్టుకొచ్చింది.

డిస్ట్రాయర్లు అప్పుడు కొత్త. వేగం, టార్పెడోలు, సన్నటి రేకు ఒళ్లు. మిగతావన్నీ కొరతే. లోపల వర్క్‌షాప్‌కి చోటు లేదు, నాలుగు రోజులకి మించి తాజా రొట్టె ఉండదు, డాక్టర్ ఉండడు, జీతాల లెక్క రాసే గుమాస్తా ఉండడు. ఆర్టీసీ బస్సుకి డిపో ఎలాగో డిస్ట్రాయర్‌కి డిపో షిప్ అలాగ. తేడా ఒక్కటే, ఈ డిపో కూడా బస్సులతోపాటే ఊరు మారుతుంది. ఫిషర్ పెద్ద సంఖ్యలో డిస్ట్రాయర్లూ సబ్‌మెరైన్లూ కట్టిస్తున్నాడు. వాటికి తల్లి నౌకలు కావాలి. కొత్తగా కట్టడానికి డబ్బు లేదు, టైమ్ లేదు.

మరి పాత క్రూయిజరే ఎందుకు? సరుకుల ఓడ కొని మార్చుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అలా కూడా చేశారు, హెక్లా అనే నౌక అలా కొన్నదే. డిపో పని కోసమే ప్రత్యేకంగా కట్టిన వల్కన్ అనే నౌకకూడా ఉంది, దాన్ని గీసిందీ విలియం వైటే. కానీ పాత పెద్ద క్రూయిజర్‌లో ఈ పనికి కావలసినవి చాలావరకు ముందే అమర్చి ఉంటాయి:

ఆవిరి. వర్క్‌షాప్‌కి, డైనమోలకి, నీళ్లు కాచి మంచినీళ్లు చేసే ఎవాపరేటర్లకి, గాలి నొక్కే కంప్రెసర్లకి అన్నిటికీ ఆవిరి కావాలి. 20 నాట్లు పరిగెత్తడానికి పెట్టిన బాయిలర్లలో ఒకటి రెండు వెలిగించినా ఈ పనికి సరిపోతుంది. పైన గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. పరుగు పందెంలో ఓడిన ఆ పాత స్థూపాకార బాయిలర్లు నెమ్మదిగా, నిలకడగా ఆవిరి ఇవ్వడంలో గట్టివి. డిస్ట్రాయర్లలో ఉండే వాటర్‌ట్యూబ్ బాయిలర్లు (సన్నటి గొట్టాల్లో నీళ్లు పారేవి) నీళ్లలో కొంచెం ఉప్పు తగిలినా పాడవుతాయి. పాతరకం బాయిలర్లు అంత సుకుమారం కాదు.

చోటు. 9.2 అంగుళాల ఫిరంగి ఒక్కోటి 20 టన్నుల పైమాట. దాని కింద మందుగుండు గదులు, గుళ్లు పైకి తెచ్చే దారులు. అవన్నీ పోతే లేత్ మిషన్లకీ, కొలిమికీ, విడిభాగాల అరలకీ చోటు దొరుకుతుంది.

మనుషులకి వసతి. 570 మంది కోసం కట్టిన నౌక. డిపో షిప్‌ని నడపడానికి అంతమంది అక్కర్లేదు. మిగిలిన వసతి ఫిట్టర్లకీ, డిస్ట్రాయర్ల నుంచి విశ్రాంతికి వచ్చేవాళ్లకీ, జబ్బుపడ్డవాళ్లకీ.

కదలిక. చాలామంది మరచిపోయే అంశం ఇది. పాత ఒట్టి ఓడని తెచ్చి రేవులో కట్టేస్తే చౌక. కానీ దళం మాల్టా నుంచి వేరేచోటికి వెళ్తే అది వెంట రాలేదు. క్రూయిజర్ ఇంజన్లు ఎంత పాతవైనా తన బరువుని తాను మోసుకుంటూ వెళ్లగలవు.

1907లో బ్లెన్‌హైమ్‌ని మార్చారు. కొన్నేళ్లు ఇంగ్లండ్ తూర్పు తీరంలో హార్విచ్ దగ్గర డిస్ట్రాయర్లకి అండగా ఉంది. 1913లో మధ్యధరా సముద్రానికి వెళ్లింది. మీ కార్డ్ మాల్టాలో దొరికిందంటే ఆ తర్వాతి కాలానిది అయ్యే అవకాశమే ఎక్కువ. ఒకసారి రంగు చూడండి. నలుపు తెలుపు ఫొటోలో కూడా తెలుస్తుంది: నౌక ఒళ్లు నల్లగా, పైభాగం తెల్లగా, పొగగొట్టాలు లేతరంగులో ఉంటే విక్టోరియా కాలపు రంగులు, అంటే క్రూయిజర్ రోజులు. అంతా ఒకే బూడిదరంగు అయితే 1903 తర్వాత. చిన్న నౌకలు ఆనుకుని ఉన్నాయి కాబట్టి నా అంచనా రెండోదే. ముందుభాగంలో పెద్ద ఫిరంగి ఉందో లేదో కూడా భూతద్దం పెట్టి చూడండి.

మధ్యధరాలో దాని పిల్లలు బీగిల్ తరగతి డిస్ట్రాయర్లు పదహారు. స్కార్పియన్, వుల్వరిన్, గ్రాస్‌హాపర్, మస్కిటో, బుల్‌డాగ్, బాసిలిస్క్ లాంటి పేర్లు. ఒక్కోదానిలో దాదాపు వందమంది. అంటే 1,500 మందికి జీతం, ఉత్తరాలు, వైద్యం, బట్టలు, విడిభాగాలు అన్నీ బ్లెన్‌హైమ్ ద్వారానే. ఇంకో సంగతి. ఆ డిస్ట్రాయర్లు పార్సన్స్ టర్బైన్లతో నడిచేవి. పిస్టన్ ఇంజన్ల కాలంలో పుట్టిన నౌకలో కూర్చుని టర్బైన్లని బాగుచేసే పని. ఫిట్టర్ అన్నవాడికి ఇది ఎంత కష్టమో, ఎంత సంతోషమో నాకు తెలుసు.

అయితే డిపో షిప్ ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని అనుకోకండి. 1914 ఆగస్టులో జర్మన్ యుద్ధనౌక గోబెన్ మధ్యధరాలో తప్పించుకుని టర్కీకి పారిపోయింది. దాన్ని అడ్డుకోవలసిన రియర్ అడ్మిరల్ ఎర్నెస్ట్ ట్రూబ్రిడ్జ్ దగ్గర ఈ డిస్ట్రాయర్లే ఉన్నాయి. అవి బొగ్గుతో నడిచేవి, అప్పటికి వాటి బంకర్లు, అంటే బొగ్గు నింపే గదులు, అడుగంటుతున్నాయి. రాత్రిపూట టార్పెడోలతో దాడి చేయవలసిన నౌకలు సరైన సమయానికి అక్కడ లేకపోయాయి. ఆయన ఆగస్టు 7 తెల్లవారుజామున వెంటాడటం మానేశాడు. లేత్ మిషన్ ఎంత మంచిదైనా బొగ్గు ఓడ చేసే పని చేయలేదు. తల్లి నౌక వేరు, బొగ్గు ఓడ వేరు, రెండూ ఉండాలి, రెండూ సరైన చోట ఉండాలి.

ట్రూబ్రిడ్జ్ పేరు వచ్చింది కాబట్టి మన తీరానికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. ఈయన ముత్తాత సర్ థామస్ ట్రూబ్రిడ్జ్, నెల్సన్ స్నేహితుడు. 1807 జనవరిలో ఆయన మద్రాసు నుంచి ఆఫ్రికా కొసకి బయల్దేరాడు. ఎక్కిన నౌక పేరు కూడా బ్లెన్‌హైమే, 1761లో దింపిన కొయ్య నౌక. అప్పటికే నేలకి తగిలి, నీళ్లు ఊరుతూ, పంపులు ఆపితే మునిగే స్థితి. కెప్టెన్ బిసెల్ వద్దని చెప్పినా అడ్మిరల్ వినలేదు. ఫిబ్రవరి మొదట్లో హిందూ మహాసముద్రంలో తుఫాన్‌లో చిక్కుకుని, వెంట ఉన్న జావా అనే నౌకతో సహా మనుషులంతా కనపడకుండా పోయారు. ఒకే పేరున్న రెండు పాత నౌకలు. ఒకదాన్ని మోయలేని పనికి పంపి ముంచారు. రెండోదానికి మోయగలిగిన పని ఇచ్చి ముప్పై ఏళ్లకు పైగా వాడుకున్నారు. పాత నౌకని ఏం చేయాలన్న చర్చ వచ్చినప్పుడల్లా నేను ఈ జంటనే ఉదాహరణగా చెబుతాను.

ఇక 1915. బ్లెన్‌హైమ్ మార్చిలో లెమ్నోస్ దీవిలోని ముద్రోస్ రేవుకి చేరింది. మ్యాప్‌లో చూడండి, అది డార్డనెల్స్ జలసంధికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. రేవు చాలా పెద్దది, లోతైనది, వందల ఓడలు పడతాయి. కానీ అక్కడ జెట్టీలు లేవు, క్రేన్లు లేవు, వర్క్‌షాప్ లేదు, తాగడానికి సరిపడా నీళ్లు కూడా లేవు. సరైన డాక్‌యార్డ్ అంటే మాల్టా, అంటే సుమారు రెండు రోజుల ప్రయాణం. ప్రతి చిన్న రిపేర్‌కీ ఒక డిస్ట్రాయర్‌ని మాల్టాకి పంపితే రానూపోనూ నాలుగు రోజులు, అక్కడ ఇంకొన్ని రోజులు. దళంలో నాలుగోవంతు ఎప్పుడూ దారిలోనే ఉంటుంది.

మార్చి 18న పెద్ద యుద్ధనౌకలతో జలసంధిని బద్దలు కొట్టాలని చూసి విఫలమయ్యారు. బూవే, ఇర్రెసిస్టిబుల్, ఓషన్ అనే మూడు నౌకలు మైన్లకి (నీళ్లలో పెట్టే మందుపాతరలకి) మునిగిపోయాయి. అప్పటిదాకా మైన్లు ఏరే పని చేపలుపట్టే ట్రాలర్లది. ప్రవాహానికి ఎదురు వాటికి వేగమే వచ్చేది కాదు. దాంతో బీగిల్ తరగతి డిస్ట్రాయర్లకే మైన్లు ఏరే తాళ్లూ సామగ్రీ బిగించారు. ఏప్రిల్ 25న సైన్యం ఒడ్డున దిగాక డిస్ట్రాయర్ల పనికి అంతే లేకుండా పోయింది. సైనికుల్ని చేరవేయడం, గాయపడ్డవాళ్లని తేవడం, ఒడ్డున ఉన్న టర్కీ కందకాల మీద కాల్చడం, రాత్రంతా కాపలా. రెండో ప్రపంచయుద్ధంలో మధ్యధరా నౌకాదళాన్ని నడిపించి, తర్వాత బ్రిటిష్ నౌకాదళాధిపతి అయిన ఆండ్రూ కన్నింగ్‌హామ్ అప్పుడు స్కార్పియన్‌కి కమాండర్. ఆయన గురించి ఎంతో చదువుతాం. ఆయన నౌక నెలల తరబడి ఆగకుండా తిరగడానికి ముద్రోస్‌లో లంగరేసిన ముసలి నౌకే ఆసరా అని మాత్రం ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది.

ఆ పని ఎలాంటిదో తెలియాలంటే ఒక్క రిపేర్‌ని దగ్గర్నించి చూడాలి. ఇది ఆవిరి నౌకల్లో అన్నిచోట్లా ఒకటే, నేను స్వయంగా చేసినదే.

టర్బైన్‌లోంచి వచ్చిన ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి మళ్లీ నీళ్లవుతుంది. ఆ నీళ్లే తిరిగి బాయిలర్‌కి పోతాయి. కండెన్సర్ అంటే వందలకొద్దీ సన్నటి ఇత్తడి గొట్టాలు. గొట్టాల లోపల సముద్రపు నీళ్లు, బయట ఆవిరి. ఒక్క గొట్టానికి సూదిమొనంత చిల్లు పడినా ఉప్పునీళ్లు లోపలికి లాగేస్తుంది. బాయిలర్ నీళ్లు కొంచెం గాజు గొట్టంలో పట్టి, సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తాం. నీళ్లు తేటగా ఉంటే పర్వాలేదు. పాలు కలిపినట్టు తెల్లగా విరిగితే ఉప్పు వచ్చేసినట్టే. అప్పుడు ఇంజన్ గదిలో అందరికీ టెన్షన్. బాయిలర్ ఆపాలి.

చిల్లు ఏ గొట్టానికి? కండెన్సర్ కొసన మూత విప్పుతారు. ఎదురుగా తేనెపట్టులా గొట్టాల నోళ్లు. ఆవిరి వైపు నీళ్లు నింపి, ఏ నోట్లోంచి చుక్క కారుతుందో లాంతరు పట్టుకుని వరుసగా చూడాలి. లేదంటే లోపల వాక్యూమ్ పెట్టి, కొవ్వొత్తిని ఒక్కో నోటి దగ్గరా పట్టాలి. మంట లోపలికి లాగితే అదే. దొరికిన గొట్టానికి రెండువైపులా బిరడా కొట్టి తాత్కాలికంగా నడిపించవచ్చు. మార్చాలంటే ఫెర్రూల్ (గొట్టం కొసని పట్టి ఉంచే మరబిళ్ల) విప్పి, పాత ప్యాకింగ్ గీకి తీసి, గొట్టం లాగి, కొత్తది దూర్చి, కొత్త ప్యాకింగ్ కూర్చి, ఫెర్రూల్ బిగించాలి. వంగి కూర్చుంటే నడుం పడిపోయేంత ఇరుకులో, ఇంకా చల్లారని ఇంజన్ గదిలో. డిస్ట్రాయర్ సిబ్బంది అప్పటికి రెండు మూడు రాత్రులు నిద్రలేకుండా వచ్చి ఉంటారు. డిపో షిప్ ఫిట్టర్లు దిగి, వాళ్లని పైకి పంపి, స్నానం, భోజనం, నిద్ర ఇచ్చి, తెల్లారేసరికి నౌకని తిరిగి అప్పగించగలిగితే ఒక డిస్ట్రాయర్ ఆ రాత్రి మళ్లీ కాపలాకి వెళ్తుంది. కొత్త గొట్టాలు, ప్యాకింగ్, బాయిలర్‌లో నింపడానికి ఉప్పులేని మంచినీళ్లు అన్నీ తల్లి నౌక నుంచే రావాలి.

బేరింగ్ కాలిపోతే వైట్ మెటల్ (బేరింగ్ లోపల పోసే మెత్తటి మిశ్రలోహం) కరిగించి కొత్తగా పోయాలి. టార్పెడోకైతే దాని గాలి సీసాలో ఒత్తిడి నింపాలి, గైరోస్కోప్ చూడాలి. ఇవన్నీ అలాంటి పనులే. ఎక్కడా కథల్లోకి ఎక్కవు.

1915 డిసెంబర్‌లో గలిపొలిలోని అంజాక్, సువ్లా తీరాల నుంచీ, 1916 జనవరి 9 తెల్లవారేలోగా హెలెస్ నుంచీ సైన్యాన్ని వెనక్కి తెచ్చారు. ఆ దండయాత్ర మొత్తంలో అనుకున్నట్టు జరిగింది ఆ వెనక్కి రావడం ఒక్కటే అంటారు. రాత్రుళ్లు మనుషుల్ని మోసినవాటిలో ఈ డిస్ట్రాయర్లూ ఉన్నాయి. 1918 అక్టోబర్ 30న టర్కీ యుద్ధ విరమణ ఒప్పందం మీద సంతకం చేసింది కూడా ముద్రోస్ రేవులోనే, అగమెమ్నాన్ అనే యుద్ధనౌక మీద.

యుద్ధం అయ్యాక బ్లేక్‌ని 1922లో అమ్మేశారు. బ్లెన్‌హైమ్ 1926 జూలై దాకా ఉంది. వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్‌లో విప్పేశారు. క్రూయిజర్‌గా పదమూడేళ్లు, డిపో షిప్‌గా పంతొమ్మిదేళ్లు. ఈ లెక్క చూశాక కూడా పుస్తకాల్లో దాన్ని "పాత క్రూయిజర్" అనే అంటారు. నాకైతే అది అన్యాయమే అనిపిస్తుంది.

ఇలాంటి బతుకు ఒక్క బ్లెన్‌హైమ్‌దే కాదు. థేమ్స్ అనే నౌక సంగతి ఇంకా విచిత్రం. 1885లో దింపిన చిన్న క్రూయిజర్. 1903లో దాన్ని సబ్‌మెరైన్లకి డిపో షిప్‌గా మార్చారు. అప్పటి సబ్‌మెరైన్లలో పెట్రోల్ ఇంజన్, ఆ వాసనలో మనిషి నిద్రపోవడం అసాధ్యం, అందుకే సిబ్బందికి పడక కూడా తల్లి నౌకలోనే. 1920లో ఆ నౌక దక్షిణాఫ్రికాకి వెళ్లి జనరల్ బోథా పేరుతో నావికుల శిక్షణ నౌక అయింది. చివరికి 1947లో సైమన్స్ టౌన్ దగ్గర సముద్రంలో ముంచారు. యుద్ధనౌకగా కంటే మరో రెండు వేషాల్లోనే ఎక్కువకాలం బతికింది. మన నౌకాదళానికి కూడా సబ్‌మెరైన్లు వచ్చినప్పుడు వాటితోపాటే తల్లి నౌక కావలసి వచ్చింది. 1968లో సోవియట్ యూనియన్ నుంచి తెచ్చిన ఐఎన్ఎస్ అంబా అందుకే. అది పాత క్రూయిజర్ కాదు, ఆ పని కోసమే కట్టిన నౌక.

ఇప్పుడు మీ కార్డ్ వెనక ఉన్న నావికుడి సంగతి. రికార్డులు చూసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

బ్లెన్‌హైమ్ పేరు రాసి ఉన్నంతమాత్రాన బ్లెన్‌హైమ్‌లో పనిచేసినట్టు కాదు. డిస్ట్రాయర్ లాంటి చిన్న నౌకకి సొంత జీతాల పుస్తకం ఉండదు. దాని సిబ్బంది పేర్లన్నీ తల్లి నౌక పుస్తకంలో ఉంటాయి. కాబట్టి స్కార్పియన్‌లో మూడేళ్లు తిరిగిన మనిషి సర్వీస్ పత్రంలో "బ్లెన్‌హైమ్" అని కనిపిస్తుంది. అదృష్టం బాగుంటే పక్కన బ్రాకెట్లో అసలు నౌక పేరు ఉంటుంది. ఉత్తరాల చిరునామా కూడా చాలాసార్లు తల్లి నౌకదే. యుద్ధంలో చనిపోయినవాళ్ల జాబితాల్లోనూ ఇదే చిక్కు.

లండన్ శివార్లలో కియూలో ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో నావికుల సర్వీస్ పత్రాలు ఏడీఎం 188 వరుసలో ఉంటాయి, నౌకల లాగ్ పుస్తకాలు ఏడీఎం 53లో. ముందు మనిషి పత్రం తీయండి, తేదీలు రాసుకోండి. బ్రాకెట్లో డిస్ట్రాయర్ పేరు ఉంటే ఆ తేదీలకి ఆ డిస్ట్రాయర్ లాగ్ చూడండి. లేకపోతే అతని హోదా చూడండి. ఆర్టిఫిసర్ (యంత్రాల మెకానిక్), కమ్మరి, వడ్రంగి లాంటి పనివాడైతే నిజంగానే తల్లి నౌక వర్క్‌షాప్‌లో ఉండి ఉండవచ్చు. స్టోకర్ (బాయిలర్‌లో బొగ్గు వేసేవాడు) అయితే, టార్పెడో మనిషి అయితే డిస్ట్రాయర్‌లో ఉండే అవకాశమే ఎక్కువ.

తేదీ చూడకుండా పేరు నమ్మకండి. 1807లో పోయిన కొయ్య నౌక తర్వాత 1813లో మరో బ్లెన్‌హైమ్ వచ్చింది, అది చైనాలో నల్లమందు యుద్ధానికి వెళ్లింది. మనది 1890 నాటిది. మళ్లీ 1940లో అకిలీస్ అనే సరుకుల ఓడని కొని, డిస్ట్రాయర్ల డిపో షిప్ చేసి, దానికీ బ్లెన్‌హైమ్ అనే పేరు పెట్టారు. అంటే ఒకే పేరుతో, ఒకే పని చేసిన నౌకలు రెండున్నాయి. మొదటి యుద్ధం నాటి నావికుడి పత్రానికి రెండో యుద్ధం నాటి నౌక ఫొటో అతికించిన కుటుంబ చరిత్రలు నేను చూశాను.

డిపో షిప్, రిపేర్ షిప్ ఒకటి కావు. రిపేర్ షిప్ మొత్తం నౌకాదళానికి పెద్ద రిపేర్లు చేసే కదిలే ఫ్యాక్టరీ. డిపో షిప్ ఒక దళానికి ఇల్లూ ఆఫీసూ ఆస్పత్రీ కొట్టూ వర్క్‌షాప్ అన్నీ. పాత పత్రాల్లో ఇంకో రకం కూడా కనిపిస్తుంది. రేవులో కట్టేసిన పాత ఓడని ఒడ్డున ఉండేవాళ్ల పేర్లు రాసుకోవడానికి వాడుకుని దాన్నీ డిపో షిప్ అనేవారు. పత్రంలో ఆ మాట కనిపిస్తే మూడింటిలో ఏదో తేల్చుకోండి.

కార్డ్ వెనక భాగం ఫొటో కూడా పెట్టండి. పోస్టాఫీసు ముద్ర మీద నెల, ఏడాది కనిపిస్తే ఆ సమయానికి దళం ఎక్కడుందో చూసి చెబుతాను. పక్కనున్న చిన్న నౌకల ఒంటి మీద అక్షరాలో అంకెలో ఉంటే వాటినీ దగ్గరగా తీయండి. నావికుడి పేరు మాత్రం ఇక్కడ పెట్టకండి, హోదా ఒక్కటి చెప్పినా చాలు.